తీర్పు కుండ మోసిన రాకుమారుడు

అనగా అనగా అని పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా అన్నా అందనంత పాతకాలంలో, కుంభినీపురం అనే రాజ్యాన్ని మణికేతుడనే మహారాజు ఏలేవాడు. రాజంటే అల్లాటప్పా రాజు కాదు. ఆయన మీసాలు ఉతికి ఆరేస్తే ఒక కొన తూర్పు బురుజు మీదా, రెండో కొన పడమటి బురుజు మీదా ఉండేవి. ఆయన తుమ్మితే పక్క దేశంలో చింతకాయలు రాలేవి. ఆ చింతకాయలు ఏరుకున్నవాళ్ళ మునిమనవలే నాకు చెప్పారు కాబట్టి ఇందులో ఆవగింజంత కూడా అబద్ధం లేదు.

ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయాంకుడు, రెండోవాడు అభయాంకుడు, మూడోవాడు విజయాంకుడు. పెద్దవాడికి తెలివి ఎక్కువ, రెండోవాడికి జాలి ఎక్కువ, మూడోవాడికి తొందర ఎక్కువ.

ఏనుగులూ వజ్రాలూ అన్ని రాజ్యాల్లోనూ ఉంటాయి. మన రాజ్యంలో ఉండి, ఈ భూమ్మీద ఇంకెక్కడా లేనిది ఒకటుంది. అదేమిటో ముందు చెబుతాను, దగ్గరికి జరగండి.

మన రాజ్యంలో ఎవడైనా తప్పు చేశాడని రచ్చబండ దగ్గరికి తీసుకొస్తే, తీర్పరి మొట్టమొదట అడిగే మాట ఒకటే. "ఎవరికేం పోయింది?" అంతే. ఎవరికీ ఏమీ పోలేదంటే, వచ్చినవాళ్ళందరూ లేచి, పంచెలు దులుపుకుని భోజనాలకి వెళ్ళిపోయేవారు. "నాకు ఫలానాది పోయింది" అని ఎవరైనా లేచి నిలబడితే, అప్పుడది తప్పు. తప్పు చేసినవాడు పోయినదాన్ని ఇచ్చుకోవాలి. ఇచ్చినా మనసులో ఒక ఖాళీ మిగులుతుంది కదా, దానికోసం కుమ్మరి కుండలు కాల్చే వాముల్లోంచి ఒక కొత్త కుండ వచ్చేది. దాని పేరు తీర్పు కుండ. తప్పు చేసినవాడు రోజూ తెల్లవారగానే ఏటికి వెళ్ళి, ఆ కుండ నింపుకుని, భుజాన మోసుకొచ్చి, నష్టపోయినవాళ్ళ గడప ముందు దించాలి. వాళ్ళు చూస్తారు. మనసు ఒప్పితే "నిండింది" అంటారు. ఒప్పకపోతే ఆ నీళ్ళు పాదులో పోసుకుని, "రేపు రా" అంటారు.

కుండ మోస్తున్నవాణ్ణి మరో తీర్పు తాకకూడదు. ఒక భుజానికి ఒకటే బరువు, అదీ మన కట్టుబాటు. ఇంకొకటుంది. "నిండింది" అన్నాక ఆ తప్పుని ఎవరైనా మళ్ళీ ఎత్తిపొడిస్తే, ఆ ఎత్తిపొడిచినవాడి భుజానికే కొత్త కుండ.

మరి మనిషి ప్రాణం తీసినవాడి సంగతేమిటని అడగబోతున్నారు కదూ. అలాంటివాడు ఒక్కడే ఉండేవాడట. నలభై ఏళ్ళు మోశాడు. ఆఖరికి నడవలేక పాక్కుంటూ తెచ్చేవాడు. ఆ ఇంటి ముసలావిడ రోజూ వాడికి గంజి పోసేది, కానీ "నిండింది" మాత్రం అనలేదు. అనమని ఎవరూ అడగలేదు కూడా.

అందుకే మన రాజ్యంలో చెరసాల లేదు. సంకెళ్ళు లేవు. సంకెళ్ళు చేయడం మన కమ్మరికి చేతకాదు. నాగలి కర్రు మాత్రం చేశాడంటే, దాంతో దున్నితే పాతాళంలో ఆదిశేషుడు ఒత్తిగిలి పడుకునేవాడు.

ఇలా ఉండగా ఒకనాడు యాభై ఆరు దేశాల రాజులూ ఒకచోట విందుకి చేరారు. ఒక రాజన్నాడు, "మా చెరసాలలో ఏడువేలమంది ఉన్నారు." ఇంకో రాజన్నాడు, "మాకు చెరసాలలే ఏడున్నాయి, ఎనిమిదోది కడుతున్నాం." మూడో రాజు మన మణికేతుడివైపు తిరిగి, "తమ చెరసాల ఎంత పెద్దది?" అనడిగాడు.

"మాకు చెరసాల లేదండీ," అన్నాడు మన రాజు.

యాభై ఐదుమంది రాజులూ విస్తళ్ళ ముందు పడీపడీ నవ్వారు. "తప్పులు పట్టడం చేతకాదన్నమాట పాపం," అన్నాడొకడు.

చూశారా, అక్కడే మన రాజు పొరపాటు పడ్డాడు. తల పైకెత్తి చెప్పుకోవలసిన మాటకి తల దించుకుని ఇంటికొచ్చాడు. అన్నం సహించలేదు. మీసాలు వేలాడిపోయి గుమ్మాలకి తట్టుకున్నాయి. "నా రాజ్యంలో తప్పులెందుకు లేవు? ఉండే ఉంటాయి. నాకే కనబడటంలేదు," అని గొణుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆ గొణుగుడు ఏడు సముద్రాల అవతలికి వినబడింది. అక్కడ రాగిదీవిలో జటాకంటకుడనే మాంత్రికుడున్నాడు. వాడి జడలు ఒక్కొక్కటి తాటిచెట్టంత. వాడు మూడోనాటికల్లా వచ్చి సభలో వాలాడు. వాడి భుజం మీద పచ్చటి చిలుక.

"మహారాజా, మీ రాజ్యంలో తప్పులకేం కొదవ? పట్టే కన్ను కావాలి. ఈ చిలుకకి ఆ కన్నుంది. మీకు చెరసాల కట్టే శ్రమ కూడా వద్దు. తప్పు చేసినవాళ్ళని నా దీవిలో నేనే ఉంచుకుంటాను."

"మా పాత కట్టుబాటు చెడకూడదు," అన్నాడు రాజు.

"అక్షరం కూడా చెడదు," అని మాంత్రికుడు చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు. ఈ ఒట్టు గుర్తుపెట్టుకోండి.

మొదటిరోజు చిలుక ఒక అసలైన దొంగనే పట్టింది. గొల్ల నరసమ్మ ఇంట్లో ఉట్టిమీది వెన్నముంత ఎత్తుకుపోయినవాణ్ణి చూసి, "తప్పు, తప్పు, తప్పు" అని మూడుసార్లు కూసింది. మూడోకూత పూర్తవగానే వాడి కాళ్ళు వాడి మాట వినడం మానేశాయి. వాటంతటవే నడిచి మాంత్రికుడి ఓడ ఎక్కాయి. జనం ముక్కున వేలేసుకున్నారు. ఆ ఆశ్చర్యంలో, కుండ ఏదని అడగడం తీర్పరి మరిచిపోయాడు.

రెండోరోజు పల్లకి వెళుతుంటే తుమ్మినవాణ్ణి పట్టింది. మూడోరోజు పొయ్యిలోని పొగ రాజుగారి మేడవైపు పోయిందని ఒక ముసలమ్మని పట్టింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. మధ్యాహ్నం కూనిరాగం తప్పు. కోటవైపు కాళ్ళుపెట్టి పడుకోవడం తప్పు. ఎద్దుని పేరుపెట్టి పిలవడం తప్పు. నిద్రలో నవ్వినవాళ్ళని కూడా పట్టుకుంది. ఓడలు నిండుతున్నాయి, రాజు మీసాలు లేస్తున్నాయి. "ఇప్పుడు రమ్మనండి ఆ యాభై ఐదుమందినీ," అన్నాడాయన.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన మూడో రాకుమారుడు తన గుర్రం మీద షికారు బయల్దేరాడు. ఆ గుర్రం పరుగెత్తితే దాని నీడ మర్నాటికి చేరేది. అది కుమ్మరివీధిలోంచి దూసుకుపోతూ, ముత్యాలి అనే పిల్ల ఎండలో ఆరబెట్టిన పచ్చికుండలన్నిటినీ తొక్కేసింది. విజయాంకుడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆగలేదు.

ముత్యాలికి తల్లీతండ్రీ లేరు. తీర్పు కుండలు చేసే వంశంలో ఆ పిల్లే ఆఖరిది. కుమ్మరి సారె తిప్పిందంటే ఊళ్ళో దూడలకి కళ్ళు తిరిగేవి. ఆ పిల్ల చేతి మట్టి కడుక్కోకుండానే సభకి వచ్చింది.

"నాకు నెలరోజుల పని పోయింది," అంది.

అందరూ చిలుకవైపు చూశారు. చిలుక ఆవలించింది. "తప్పు లేదు," అంది.

"తప్పు లేదట. ఇక వెళ్ళమ్మా," అన్నాడు రాజు.

విజయాంకుడు లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "తప్పుంది నాన్నగారూ. తొక్కించినవాణ్ణి నేనే. చూసి కూడా ఆగలేదు. తీర్పరిగారూ, కుండ ఇప్పించండి."

"కుండలన్నీ మీ గుర్రమే తొక్కేసింది కదండీ," అంది ముత్యాలి. "మళ్ళీ చేసేదాకా ఆగాలి. మట్టి మీరే తొక్కాలి."

రాకుమారుడు నెలరోజులు మట్టి తొక్కాడు. ఆయన తొక్కిన మట్టితోనే ముత్యాలి పోయిన కుండలన్నీ మళ్ళీ చేసింది, పైన ఒకటి ఎక్కువ చేసింది. ఆ ఎక్కువది ఆయన భుజానికి ఎక్కించింది. ఇక రోజూ తెల్లవారగానే ఏటికి వెళ్ళడం, నీళ్ళు తేవడం, గడప ముందు దించడం. ముత్యాలి వచ్చి చూసేది, ఆనపపాదులో పోసేది, "రేపు రండి చినదొరా" అనేది.

మొదటినెల అలాగే అంది. రెండోనెల అలాగే అంది. మూడోనెల విజయాంకుడికి ఉక్రోషం వచ్చింది. "అంచుదాకా నింపి తెచ్చాను, చుక్క ఒలకలేదు. ఇంకా ఏం కావాలి నీకు?"

"పాదు ఇంకా కాపుకి రాలేదు," అంది ముత్యాలి.

ఈలోగా కోటలో ఏం జరిగిందో వినండి. పెద్ద రాకుమారుడు జయాంకుడు సభలో లేచి, "ఈ చిలుకని ఎవరు పరీక్షించారు?" అనడిగాడు. చిలుక మూడుసార్లు కూసింది. జయాంకుడి కాళ్ళు ఓడ ఎక్కాయి. రెండో రాకుమారుడు అభయాంకుడు అన్నకోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చిలుక మూడుసార్లు కూసింది. అభయాంకుడి కాళ్ళూ ఓడ ఎక్కాయి. అప్పుడు చిలుక విజయాంకుడివైపు తిరిగి, "గుడ్లురిమి చూశావు, తప్పు, తప్పు, తప్పు" అంది. విజయాంకుడి కాళ్ళు వణికాయి. కానీ ముత్యాలి గడప నుంచి తిన్నగా సభకి వచ్చాడు, భుజం మీద కుండ ఇంకా ఉంది. పాతకట్టుబాటుకి మాంత్రికుడు ఒట్టేసి ఉన్నాడు. కాళ్ళు కదల్లేదు.

జటాకంటకుడు పళ్ళు నూరాడు. ఆ చప్పుడుకి కోటగోడ సున్నం రాలింది. "మహారాజా, ఇప్పటికి పదకొండువేలమంది అయ్యారు. వచ్చే ఉగాదికి మళ్ళీ వస్తాను. మిగిలినవాళ్ళ తప్పులు అప్పటికి పండుతాయి," అని, చిలుకని భుజాన వేసుకుని ఓడలతో వెళ్ళిపోయాడు.

రాజు సింహాసనం మీద నుంచి చూశాడు. సభ ఖాళీ. పక్కన రెండు ఆసనాలు ఖాళీ. "నాయనా, నేనేం చేశాను?" అనడిగాడు చిన్నకొడుకుని.

"అది తర్వాత చూద్దాం నాన్నగారూ. ముందు అన్నయ్యల్ని తీసుకొస్తాను," అన్నాడు విజయాంకుడు.

ఆయన తిన్నగా ముత్యాలి గడపకి వెళ్ళాడు. "ఏడు సముద్రాలు దాటాలి. ఉగాదిలోపు రావాలి. ఈ కుండ నిండిందని ఒక్కమాట అనేసేయ్, చేతులూపుకుంటూ వెళతాను."

ముత్యాలి సారె ఆపి లేచింది. "అనను. కుండ భుజం మీద పెట్టుకునే వెళ్ళండి."

"ఇంత రాతిగుండా?"

"రాయి కాదు, మట్టే. కానీ బాగా కాలింది," అంది ముత్యాలి. "ఓడలన్నీ వాడు పట్టుకుపోయాడు కదా, దేనిమీద వెళతారు? మూడురోజులాగండి."

మూడురోజుల్లో ఆ పిల్ల చేసినదేమిటో చెబితే కళ్ళు తేలేస్తారు. మూడు కొండల బంకమట్టి తెప్పించి తొట్టిలాంటి ఒక పెద్ద గోలెం చేసింది. దాని అంచు మీద నిలబడితే పక్క ఊరి పెళ్ళి కనబడేది. దాన్ని కాల్చిన వాము వేడికి మబ్బులు ఎండిపోయి, ఆ ఏడు చలికాలమే రాలేదు. ఊళ్ళో మిగిలినవాళ్ళందరూ కలిసి ఆ గోలేన్ని సముద్రంలోకి దొర్లించారు. విజయాంకుడు ఉడుక్కుంటూనే కుండ భుజాన పెట్టుకుని గోలెమెక్కాడు.

మొదటిది ఉప్పు సముద్రం. ఒడ్డున గోలెం దొర్లినప్పుడు ఒక ముసలి ఎండ్రకాయ బొరియ కూలిపోయింది. "ఏమయ్యా, కళ్ళు నెత్తిమీదున్నాయా? నా ఇల్లు పోయింది," అంది ఎండ్రకాయ. విజయాంకుడు ఒక్కక్షణం తటపటాయించాడు. గుర్రం మీద వెనక్కి చూసి ఆగకపోవడం గుర్తొచ్చింది. దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఇసుక తవ్వి, ఏడు అంతస్తుల బొరియ కట్టి ఇచ్చాడు. ఎండ్రకాయ అన్ని గదులూ తిరిగి చూసి, "నిండింది. నేనూ వస్తాను పద," అని గోలెమెక్కింది.

చెరకురసం సముద్రం దాటాడు. కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటాడు. నాలుగోది నెయ్యి సముద్రం. గోలెం జారి జారి వెళ్ళి ఒక కొంగకి తగిలింది, దాని నోట్లోని చేప జారిపోయింది. "నా భోజనం పోయింది," అంది కొంగ. మూడురోజులు గాలం వేసి, కొంగ పొట్ట నిండేదాకా పట్టిపెట్టాడు. అది "నిండింది" అని త్రేన్చి, గోలెం అంచు మీద కూర్చుంది.

ఐదోది పెరుగు సముద్రం. అక్కడ గడ్డపెరుగులో హాయిగా నిద్రపోతున్న తిమింగలం వీపు మీదినుంచి గోలెం గీసుకుంటూ పోయింది. "వందేళ్ళ నిద్ర పోయింది నాది," అంది తిమింగలం. పోయిన నిద్ర ఎలా ఇస్తాడు? వీపు నిమురుతూ, తనకి వచ్చిన జోలపాటలన్నీ పాడాడు. రానివి కల్పించి పాడాడు. ఆయన గొంతు అంత గొప్పదేం కాదు, తిమింగలం ఓర్చుకుంది. ఆఖరికి, "నిద్ర రాలేదుగానీ మనసు నిండింది," అని గోలేన్ని వెనకనుంచి తోయడం మొదలుపెట్టింది. పాల సముద్రం ఒక్క తోపులో దాటించింది.

ఏడోది మంచినీళ్ళ సముద్రం. విజయాంకుడు అక్కడ వంగి, ఖాళీకుండ నింపుకుని భుజానికెత్తుకున్నాడు. ఎదురుగా రాగిదీవి.

దీవి చుట్టూ సుడిగుండం. తిమింగలం తోకతో ఒక్కదెబ్బ కొట్టింది, సుడి ఎటు తిరగాలో మరిచిపోయింది. ఒడ్డున ముళ్ళడవి. ఎండ్రకాయ పటపటా కత్తిరిస్తూ రాజవీధంత దారి తీసింది. నడుమ ఏడు తాటిచెట్ల ఎత్తున నున్నటి రాగిస్తంభం, దాని కొన మీద చిలుక. కొంగ విజయాంకుణ్ణి కుండతో సహా ఎత్తుకుని పైకెగిరింది.

చిలుక రెక్కలు కొట్టుకుంది. "పరాయి దీవిలో అడుగుపెట్టావు, తప్పు, తప్పు, తప్పు." కాళ్ళు కదల్లేదు. "అడగకుండా నా స్తంభమెక్కావు, తప్పు, తప్పు, తప్పు." కాళ్ళు కదల్లేదు. "నన్ను ముట్టుకోబోతున్నావు, తప్పు, తప్పు, తప్పు." కాళ్ళు కదల్లేదు. భుజం మీది కుండలో నీళ్ళు మాత్రం మెల్లగా ఊగాయి.

అప్పుడు విజయాంకుడికి అర్థమైంది. ముత్యాలి "నిండింది" అని ఒక్కమాట అని ఉంటే, ఆ మూడునెలల్లో ఏదో ఒకరోజు తన కాళ్ళు కూడా ఓడ ఎక్కేవి. ఆ పిల్ల రోజూ నీళ్ళు పాదులో పోసి తనని కాపాడుకుంటూ వచ్చింది. ఏడు తాటిచెట్ల ఎత్తున, కొంగకాలు పట్టుకుని వేలాడుతూ, ఆయనకి కళ్ళు చెమర్చాయి. చెయ్యి చాచి చిలుకని పట్టుకున్నాడు.

ఆయన వేళ్ళు బిగియగానే కింద జటాకంటకుడు గొంతు పట్టుకుని కూలబడ్డాడు. వాడి ప్రాణం ఆ చిలుకలో ఉంది. పట్టిన ఒక్కో మనిషికీ వాడికి ఒక్కో ఏడు ఆయుష్షు పెరుగుతుంది. పదకొండువేలమంది, పదకొండువేల ఏళ్ళు.

విజయాంకుడు కిందికి దిగాడు. దీవిలో వాడికి రాగిరాళ్ళు మోస్తున్న మనవాళ్ళందరూ చుట్టూ చేరారు. "మెడ విరిచెయ్యి చినదొరా," అన్నారు. "విరిచెయ్యి తమ్ముడూ," అన్నాడు జాలిగుండె అభయాంకుడు కూడా. ఎంత అలిసిపోయాడో చూడండి.

"ఇది మన రచ్చ," అన్నాడు విజయాంకుడు. "మన పద్ధతిలోనే జరగాలి." చిలుకని కళ్ళెదుటికి తెచ్చుకుని అడిగాడు. "పల్లకి వెళుతుంటే ఒకాయన తుమ్మాడన్నావే. ఎవరికేం పోయింది?"

చిలుక నోరు తెరిచింది. మాట రాలేదు. తుమ్మినవాడి కాళ్ళు వదులయ్యాయి. మాంత్రికుడి ఆయుష్షులో ఒక ఏడు ఎగిరిపోయింది.

"ముసలమ్మ పొయ్యిలో పొగ మేడవైపు పోయింది. ఎవరికేం పోయింది?" మాట రాలేదు. ఇంకో ఏడు పోయింది.

"మా పెద్దన్నయ్య ఒక ప్రశ్న అడిగాడు. మా చిన్నన్నయ్య ఏడ్చాడు. ఎవరికేం పోయింది?" మాట రాలేదు.

పదకొండువేలమంది గురించీ అడిగాడు. ఒక్కణ్ణి తప్ప ఎవరినీ వదల్లేదు. మూడు పగళ్ళు పట్టింది, నోరు ఎండితే కొంగ నీళ్ళు తెచ్చి పోసింది. అడిగేకొద్దీ మాంత్రికుడి జడలు తెల్లబడ్డాయి, నడుం వంగింది, పళ్ళు రాలి చిన్న గుట్టయ్యాయి.

"ముత్యాలి కుండలు తొక్కించిన నన్ను వదిలేశావే, అదెందుకు?" అన్నాడు విజయాంకుడు మాంత్రికుడితో.

జటాకంటకుడు రొప్పుతూ నిజం చెప్పాడు. "ఏదైనా పోతే దాన్ని నింపొచ్చు. నింపేస్తే మనిషి విడుదలైపోతాడు. ఏమీ పోనిచోట నింపడానికేముంది? అలాంటి తప్పులో పడ్డవాడు ఎప్పటికీ బయటికి రాలేడు. నాకలాంటివాళ్ళే కావాలి. మొదటిరోజు వెన్నదొంగ ఒక్కణ్ణే మీకు నమ్మకం కుదరడానికి పట్టాను."

"సరే, వెన్నముంత. ఎవరికేం పోయింది?"

చిలుకకి గొంతు వచ్చింది. "గొల్ల నరసమ్మకి వెన్న పోయింది," అంది. మాంత్రికుడికి ఆ ఒక్క ఏడు మిగిలింది.

"ఇప్పుడైనా విరిచెయ్యండి," అన్నారు జనం.

"విరిచేస్తే మన గడపలకి నీళ్ళెవరు తెస్తారు?" అన్నాడు విజయాంకుడు. "ఇంతమందికి ఇంతకాలం పోయింది. వీడు చచ్చిపోతే ఆ కుండలన్నీ ఖాళీగానే ఉండిపోతాయి. ఒక్క ఏడుంది కదా, చురుగ్గా నడిస్తే సరిపోతుంది."

మొట్టమొదట పెద్దన్నయ్య నవ్వాడు. ఆ నవ్వు పదకొండువేలమందికీ పాకింది. ఏడో సముద్రంలో అలలు లేచాయి.

అందరూ గోలెమెక్కారు. వరసగా కూర్చుంటే వంటకి కూడా చోటు మిగిలింది, ముత్యాలి చేతి లెక్క అలాంటిది. తిమింగలం తోసింది. ఉగాదికి ముందురోజు మన తీరం కనబడింది. తీరాన ఒక్కడే నిలబడి ఉన్నాడు. మీసాలు నడుముకి చుట్టుకున్నాడు, కాళ్ళకి చెప్పుల్లేవు, భుజం మీద నీళ్ళకుండ ఉంది. ఆయన మన మణికేతమహారాజు.

"నేనే అప్పగించాను కదూ," అన్నాడు రాజు. "నేనూ మోస్తాను."

రాజు భుజాన తీర్పు కుండ. ఏ రాజ్యంలో ఉంది నాయనా ఇది? యాభై ఆరు దేశాలు గాలించి చెప్పండి. ఆయన ఒకపక్కనుంచీ, మాంత్రికుడు ఇంకోపక్కనుంచీ గడపగడపకీ నీళ్ళు మోశారు. కొందరు వాళ్ళ ఆయాసం చూసి మొదటిరోజే "నిండింది" అన్నారు. పొగ ముసలమ్మ మాత్రం ఇద్దరిచేతా పదిహేనేసి రోజులు మోయించి, "పొయ్యి కూడా అలకండి," అంది. అలికారు.

యాభై ఐదుమంది రాజులూ ఈ వింత చూడటానికొచ్చారు. "ఇప్పుడైనా చెరసాల కట్టావా?" అనడిగారు. మన రాజు చొక్కా జరిపి, కుండ మోసి మోసి భుజం మీద కాచిన కాయ చూపించాడు. "ఇదే," అన్నాడు. వాళ్ళెవరూ నవ్వలేదు. మూడోరాజు వెళుతూ వెళుతూ ముత్యాలి దగ్గర ఒక కుండ అడిగి పట్టుకుపోయాడని కూడా చెబుతారు.

ఏడాది ఆఖరిరోజున జటాకంటకుడు ఆఖరి గడపకి వచ్చాడు. అది జయాంకుడిది. జయాంకుడు కుండలోకి చూసి, "నిండింది పెద్దాయనా," అన్నాడు. మాంత్రికుడు కుండ దించి, ఆ గడప మీదే కూర్చుని, దోసెడు నీళ్ళు తాగి, హాయిగా కన్నుమూశాడు. చిలుక మామూలు చిలుకైపోయి జామచెట్టెక్కింది. జయాంకుడే పాడె మోశాడు.

ఇక అసలు సంగతి. ఓడదిగిన రోజునే, అంటే గోలెం దిగిన రోజునే, విజయాంకుడు ఏడో సముద్రపు నీళ్ళు ఒలక్కుండా తెచ్చి ముత్యాలి గడప ముందు దించాడు. ముత్యాలి వంగి చూసింది. "నిండింది," అంది.

"ఇప్పుడా?"

"మూడోరోజే నిండింది చినదొరా. ఆ మాట అనేసి ఉంటే మిమ్మల్ని తీసుకుపోయేవాళ్ళు కదా."

"తెలిసింది. రాగిస్తంభం మీద తెలిసింది," అన్నాడు విజయాంకుడు. "కానీ ఆ మూడునెలలూ మోసిన మోత సంగతేమిటి? నాకు మూడునెలల నిద్ర పోయింది. నువ్వు తెలిసే మోయించావు. రచ్చకి రా."

"వస్తాను. కుండ మోయమంటారు, అంతేగా. ఎన్నాళ్ళు?"

"నేను నిండింది అనేదాకా."

ముత్యాలి ఆయనవైపు చూసింది. చేతి మట్టి దులుపుకుంది. "మీ గడప దాకా రోజూ రావాలంటే దూరం కదండీ."

"అదే నేనూ అనుకుంటున్నాను," అన్నాడు విజయాంకుడు.

పెళ్ళి పదహారు రోజులు జరిగింది. ఎండ్రకాయ పందిరి కత్తిరించింది, కొంగ పన్నీరు చల్లింది, తిమింగలం ఒడ్డుకి వచ్చి జోలపాట ఒకటి తిరిగి పాడింది, ఊరంతా రెండురోజులు నిద్రపోయింది. అన్నలిద్దరూ "నువ్వే ఏలు" అన్నారు. విజయాంకుడు అరవై ఏళ్ళు ఏలాడు. ఆ అరవై ఏళ్ళూ పొద్దున్నే ముత్యాలిరాణి ఒక కుండ తెచ్చి ఆయన ముందు దించేది. ఆయన వంగి చూసి, మీసం దువ్వుకుని, "రేపు తీసుకురా," అనేవాడు. ఒక్కసారి కూడా నిండిందనలేదు. ఆనపకాయలు మాత్రం కోటగోడ దాటి కాశాయి.

ఆ వెన్నదొంగ ఏమయ్యాడంటారా? నరసమ్మకి ముంత నిండా వెన్న చిలికి ఇచ్చుకున్నాడు. మూడువారాలు నీళ్ళు మోశాడు. ఇరవైరెండోనాడు ఆవిడ నిండిందంది. తర్వాత వాడు ఆ వీధిలోనే బర్రెని కొనుక్కుని, పెళ్ళిచేసుకుని, పిల్లల్ని కన్నాడు. ఆ పిల్లలకి పిల్లలు, వాళ్ళకి పిల్లలు. అలా ఏడోతరంలో పుట్టినవాణ్ణే నేను. ఆయన మా ముత్తాతకి ముత్తాత, ఆయన మోసిన కుండ ఇప్పటికీ మా ఇంటి చూరుకింద ఉంది.

ఎవరది నవ్వింది? నువ్వేనా? లే మరి, ఆ కుండ భుజానికెత్తుకో. ఏరు అటువైపు.